నీలి బాణం చూపిన దారి

గురువారం

ఇంగ్లండులోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో నాలుగు రోజులు సైకిలు తొక్కాలని బయల్దేరాను. మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్లే పాసింజరు రైల్లో సైకిళ్లకు ఉండేది రెండే చోట్లు. రిజర్వేషన్ లేదు, డబ్బు కట్టనక్కర్లేదు, ముందు ఎక్కినవాడిదే చోటు. మూడోవాడు ప్లాట్‌ఫారం మీద ఉండిపోవాల్సిందే. అందుకని పికడిలీ స్టేషన్‌కు నలభై నిమిషాలు ముందే వెళ్లి నిలబడ్డాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ రైలు కోసమూ అంత ముందు వెళ్లింది లేదు. తీరా ఎక్కి చూస్తే పెట్టె మొత్తానికి నాదొక్కటే సైకిల్. పడిన టెన్షన్ అంతా దండగ.

గంటలోపు ప్రయాణం. ఊరి శివార్లు దాటాక బండి కౌబర్న్ సొరంగంలోకి దూరుతుంది. మూడు కిలోమీటర్లకు పైగా చీకటి. బయటపడగానే ఎడేల్ లోయ. రెండు వైపులా పచ్చటి కొండలు, వాటి మీద అడ్డదిడ్డంగా రాతి గోడలు, గోడల మధ్య గొర్రెలు. సున్నం గాని, సిమెంటు గాని లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు అవి.

ఇదే పీక్ డిస్ట్రిక్ట్. పేరుకు పీక్ గాని, కోసుగా నిలబడ్డ శిఖరాలేవీ లేవు. అన్నిటిలోకీ ఎత్తైన కిండర్ స్కౌట్ 636 మీటర్లు, మన తిరుమల కొండ దానికన్నా ఎత్తు. బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు మాత్రం ఇదే, 1951లో ప్రకటించారు. నాకు ఈ ఎత్తే ఎక్కువ. నేను బందరు వాణ్ని. మా వైపు ఎత్తు అంటే కాలవ గట్టు. చిన్నప్పుడు అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేటప్పుడు, ఆ గట్టు ఎక్కిన వాడే మాలో మొనగాడు.

హోప్ స్టేషన్లో మా బావమరిది కారుతో సిద్ధంగా ఉన్నాడు. షెఫీల్డ్‌లో ఉద్యోగం, వారం వారం కొండల మీద సైకిలు. వాడి సైకిలుకు ముందూ వెనకా షాకబ్జార్బర్లు, మోటారు సైకిలుకు ఉన్నట్టు మందపాటి టైర్లు. నా సైకిల్ టైర్లు చూసి పెదవి విరిచాడు.

"బావా, దీంతో కొండలు తిరుగుతావా?"

"నాది రైలు బాటల సైకిల్‌లేరా. నీ రాళ్లూ రప్పలూ ఆదివారం చూద్దాం."

మధ్యాహ్నం లేడీబవర్ రిజర్వాయరు వైపు బయల్దేరాం. బామ్‌ఫర్డ్ దగ్గర మొదలయ్యే థార్న్‌హిల్ ట్రెయిల్, డ్యాములు కట్టడానికి రాళ్లు మోసిన రైలు మార్గమట. పట్టాలు తీసేసి బాట మిగిల్చారు. అది దొరకక ముందే నేను తప్పు చేశాను. ఒక గేటు పక్కన బాణం గుర్తు కనిపిస్తే అటే దారి అనుకుని తిప్పేశాను. యాభై గజాలు పోయానో లేదో, కుక్కతో ఎదురొచ్చిన పెద్దావిడ ఆగి, ఎంతో మర్యాదగా, "ఇది నడిచేవాళ్ల దారి నాయనా" అంది. కోపం లేదు. నేను సైకిల్ వెనక్కి తిప్పేదాకా కదల్లేదు, అంతే.

బావమరిది గేటు దగ్గరే నిలబడి నవ్వుతున్నాడు. బాణం పసుపు రంగైతే ఫుట్‌పాత్, నడకకే. నీలం రంగైతే బ్రిడిల్‌వే, అంటే గుర్రపు బాట. దాని మీద సైకిలూ పోవచ్చు. ఊదా, ఎరుపు కూడా ఉన్నాయి, వాటి మీదా పోవచ్చు గాని అవి తక్కువ. గుర్రపు బాట మీద సైకిలుకు హక్కు ఇచ్చింది 1968 నాటి చట్టం. నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్నది అందులోనే పెట్టిన షరతు. పొలం ఒకరిదైనా దాని మధ్య నుంచి నడిచే హక్కు అందరిదీ అన్నది మొదట్లో నాకు మింగుడు పడలేదు. గట్టు జరిగిందని తలలు పగిలే ఊళ్ల నుంచి వచ్చినవాణ్ని మరి.

లేడీబవర్ నీళ్ల కింద రెండు ఊళ్లున్నాయి, ఆషప్టన్, డర్వెంట్. 1943లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. డర్వెంట్ ఊరి చర్చి గోపురాన్ని మాత్రం అలాగే నిలిపి ఉంచితే, నీళ్లలోంచి తల ఎత్తి కొన్నాళ్లు కనిపించింది. 1947లో దాన్నీ పేల్చేశారు. సమాధుల్లోని వాళ్లను తీసి బామ్‌ఫర్డ్‌లో పాతిపెట్టారు. ఊళ్లో ఉన్న పాత రాతి వంతెనను రాయి రాయీ విప్పి, పైన స్లిపరీ స్టోన్స్ అనే చోట మళ్లీ కట్టారు. ఎండలు ముదిరిన ఏడాది నీళ్లు తగ్గి ఇళ్ల గోడలు బయటపడితే జనం చూడ్డానికి వస్తారు. శ్రీశైలం ముంపులో ఊరు పోయిన ఆఫీసు మిత్రుడొకడు గుర్తొచ్చాడు. వాళ్ల నాన్న వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి, తమ ఇల్లు ఉన్న చోట నిలబడి వచ్చేవాడట.

ఫెయిర్‌హోమ్స్ అనే చోటు నుంచి పైనున్న డర్వెంట్, హౌడెన్ డ్యాముల చుట్టూ తిరిగితే 16 కిలోమీటర్లు. పడమటి ఒడ్డున తారు రోడ్డు, తూర్పు ఒడ్డున గులకరాళ్ల బాట. డర్వెంట్ డ్యాముకు కోట బురుజుల్లాంటి రెండు స్తంభాలున్నాయి. 1943లో జర్మనీ ఆనకట్టలు పేల్చడానికి వెళ్లిన విమాన దళం ఈ నీళ్ల మీదే తక్కువ ఎత్తున ఎగరడం సాధన చేసింది. మేం వెళ్లినప్పుడు బాతులు సాధన చేస్తున్నాయి. తొమ్మిదింటికి కూడా వెలుతురు పోలేదు.

శుక్రవారం

వాన. ఆగి ఆగి కాదు, పొద్దుట్నుంచీ ఒకటే తుంపర.

సైకిళ్లు కారు వెనక కట్టుకుని క్రామ్‌ఫర్డ్ వెళ్లాం. హై పీక్ ట్రెయిల్ కింది కొస ఇక్కడే. క్రామ్‌ఫర్డ్ కాలవను కొండలకు అటు వైపున్న పీక్ ఫారెస్ట్ కాలవతో కలపాలని అప్పట్లో అనుకున్నారు. కొండ పైన సున్నపురాయి, నీళ్లు నిలవవు. కాలవ తవ్వితే లాభం లేదని రైలు వేశారు. 1831 నాటికి పూర్తయింది. దాన్ని ఊహించింది మాత్రం కాలవ లాగే. లాకుల దగ్గర పడవ ఒక మెట్టు ఎక్కినట్టు, చదునుగా కొంత దూరం పోయి, ఒక్కసారిగా నిటారుగా ఎక్కి, మళ్లీ చదును. ఎక్కే చోట ఆవిరి ఇంజను పైన కూర్చుని వ్యాగన్లను గొలుసుతో, ఆ తర్వాతి రోజుల్లో ఇనప తాడుతో లాగేది. బందరు కాలవ లాకులు చూసి పెరిగిన నాకు ఇది చెప్పకుండానే అర్థమైంది. మా లాకుల్లో ఎత్తేది నీళ్లు, ఇక్కడ ఎత్తింది ఇంజను.

ఇప్పుడు ఎత్తాల్సింది నా మోకాళ్లు. షీప్ పాశ్చర్ అనే మొదటి ఎక్కుడు దాదాపు ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేస్తుంది. నాలుగో వంతు ఎక్కాక దిగి తోసుకుంటూ నడిచాను. పక్కనే ఒక గుంట కనిపించింది. 1888లో రెండు వ్యాగన్లు తాడు తప్పించుకుని ఈ వాలు మీద దొర్లి, కింద కాలవనూ, దాని అవతలి రైలు పట్టాలనూ దాటి ఎగిరి పొలంలో పడ్డాయి. మళ్లీ అలా జరగకుండా, పరుగెత్తే వ్యాగన్లను మళ్లించి పడేయడానికి ఈ గుంట తవ్వారు. అందులో పడి నుజ్జయిన వ్యాగనొకటి ఇంకా అలాగే ఉంది, తుప్పు పట్టి, నాచు కప్పుకుని. అది చూశాక తోసుకుంటూ ఎక్కుతున్నందుకు నాకు సిగ్గనిపించలేదు.

రెండో ఎక్కుడు పైన మిడిల్‌టన్ టాప్ ఇంజను గది. 1829లో చేసిన ఇంజను, 1963 దాకా పనిచేసింది. దాని చూరు కింద నిలబడి ఫ్లాస్కులో టీ తాగాం. అక్కడి నుంచి బాట చాలావరకు చదును, పచ్చిక మైదానాల మధ్య, రాతి కట్టల మీద. మిన్నింగ్‌లో దగ్గర రైలు కోసం పేర్చిన కట్ట కోట గోడలా ఉంటుంది. తడిసిన సున్నపురాయి పొడి టైరుకు పట్టి, పిండి కలిపినట్టు తెల్లటి ముద్దగా చక్రానికీ బ్రేకుకూ మధ్య పేరుకుపోయింది. బ్రేకు వేస్తే చలిమిడి నలుగుతున్నట్టు ఉంది. పార్స్‌లీ హే దాకా పోవాలనుకున్నవాళ్లం సగంలోనే వెనక్కి తిరిగాం.

దిగాక ఆర్క్‌రైట్ మిల్లు చూశాం. 1771లో నీటి చక్రంతో నూలు వడికిన మిల్లు. ఫ్యాక్టరీ అన్న మాటకు అసలు అర్థం ఇక్కడే మొదలైందంటారు. నాకు అక్కడ నిలబడితే గుర్తొచ్చింది వేరే. మా అమ్మమ్మగారి ఊరు పెడన. ఆ వీధుల్లో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. మచిలీపట్నం రేవు నుంచి వచ్చిన ఇలాంటి అద్దకం బట్టలకు ఇంగ్లండులో ఎంత గిరాకీ ఉండేదంటే, ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల పెట్టి, 1721లో అద్దకం నూలు బట్టలు కట్టుకోకూడదని చట్టం చేయించారు. తన మిల్లు నడవాలంటే ఆ చట్టం అడ్డు కాబట్టి ఆర్క్‌రైట్ పార్లమెంటుకు మొర పెట్టుకున్నాడు. 1774లో ఇంగ్లండులో తయారైన నూలు బట్టకు దారి వదిలారు. మా రేవు సరుకుకు కాదు. ఈ సంగతి బావమరిదికి చెబితే, "బావా, చలేస్తోంది, కారెక్కు" అన్నాడు.

శనివారం

నిన్న సాయంత్రం రైల్లో మా ఆవిడా, తొమ్మిదేళ్ల అమ్మాయీ వచ్చారు. ఈరోజు మోన్సల్ ట్రెయిల్. హాసప్ స్టేషన్లో వాళ్లిద్దరికీ సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. అది పేరుకే స్టేషన్, ఇప్పుడు రైలు రాదు. టీ కొట్టు, పుస్తకాల కొట్టు, సైకిళ్లు. మా ఆవిడ సైకిలెక్కి పదిహేనేళ్లు. "పడితే మీదే బాధ్యత" అని ముందే చెప్పేసింది. మొదటి పది నిమిషాలు హ్యాండిల్ వణికింది, ఆ తర్వాత నేనే ఆవిడ వెనక పడ్డాను.

బేక్‌వెల్ నుంచి బ్లాక్‌వెల్ మిల్ దాకా దాదాపు 14 కిలోమీటర్లు. మాంచెస్టర్, లండన్ రైళ్లు తిరిగిన లైను ఇది. 1863లో వచ్చింది, 1968లో మూసేశారు. ఈ ఏడాదిని ఎక్కడ విన్నానబ్బా అని చాలాసేపు ఆలోచించాను. గురువారం గేటు దగ్గర బావమరిది చెప్పిన చట్టానిదీ అదే ఏడాది. ఇక్కడ రైలు ఆగిన ఏడాదే సైకిలుకు గుర్రపు బాట దొరికింది. ఒకదానికీ ఇంకోదానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ రోజంతా నా బుర్రలో అదే తిరిగింది.

రైలు పోయాక సొరంగాలు చాలా ఏళ్లు మూసే ఉంచారు. నడిచేవాళ్లు కొండ ఎక్కి దిగి చుట్టూ తిరిగి పోయేవాళ్లు. 2011లో దీపాలు పెట్టి తెరిచారు. నాలుగు పెద్ద సొరంగాలు, ఒక్కోటి ఇంచుమించు నాలుగు వందల మీటర్లు. లోపల మే నెలలోనూ చలి, పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు. మా అమ్మాయి ప్రతి సొరంగంలోనూ "ఓ..." అని అరిచింది, ఎదురొచ్చే పిల్లలంతా తిరిగి అరిచారు. పెద్దవాళ్లకూ అరవాలని ఉంటుంది. ఒకాయన ఎవరూ చూడటం లేదనుకుని అరిచాడు.

హెడ్‌స్టోన్ సొరంగంలోంచి బయటికి రాగానే కాళ్ల కింద లోయ, వై నది, దాని మీద అయిదు ఆర్చీల వంతెన. ఇప్పుడు పోస్టుకార్డుల మీద అచ్చేసేది ఈ వంతెననే. కట్టిన కొన్నేళ్లకు జాన్ రస్కిన్ అనే రచయిత దీని మీద నిప్పులు చెరిగాడు. బక్స్‌టన్‌లోని మూర్ఖులు అరగంటలో బేక్‌వెల్ చేరడానికి, బేక్‌వెల్ మూర్ఖులు బక్స్‌టన్ చేరడానికి దేవతలు తిరిగే లోయను పాడు చేశారని ఆయన బాధ. 1970లో ప్రభుత్వం ఇదే వంతెనను కాపాడాల్సిన కట్టడాల జాబితాలో చేర్చింది. రస్కిన్ తప్పని నేననను. రైళ్లు పొగ వదులుతూ పోతున్నప్పుడు ఇక్కడ నిలబడి ఉంటే నాకూ అలాగే అనిపించేదేమో.

కొంచెం ముందుకు పోతే నది ఒడ్డున లిట్టన్ మిల్లు. అనాథ పిల్లలను తెచ్చి పగలూ రాత్రీ నూలు యంత్రాల దగ్గర పనిచేయించి, కొట్టి, అపఖ్యాతి మూటగట్టుకున్న మిల్లు. ఇప్పుడు అందులో ఫ్లాట్లు. మా అమ్మాయికి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పలేదు.

పడమటికి పోతున్నంతసేపూ కాళ్లు ఎందుకో బరువుగా ఉన్నాయి. చదును బాట కదా, ముసలితనం అనుకున్నాను. వెనక్కి తిరిగాక తెలిసింది, పోయేటప్పుడు కంటికి ఆనని ఎక్కుడు అని. తిరుగు ప్రయాణంలో సగం పెడల్ తొక్కనే లేదు.

బేక్‌వెల్‌లో పుడ్డింగ్ తినకపోతే వచ్చినట్టే కాదట. టార్ట్ వేరు, పుడ్డింగ్ వేరు. ఆ తేడా కలిపేస్తే ఊళ్లో వాళ్లు ఒప్పుకోరు. పొరలు పొరలుగా ఉండే అట్ట, లోపల జామ్, దాని మీద గుడ్డూ బాదమూ కలిపిన మెత్తటి ముద్ద. మా ఆవిడ ఒక ముక్క తిని, "బాదం పాయసం కాస్తూ కాస్తూ మర్చిపోతే ఇలాగే గడ్డ కడుతుంది" అని తీర్పు చెప్పి, ఇంకో ముక్క తీసుకుంది.

ఆదివారం

బావమరిది రోజు. కొండలకు పనికొచ్చే సైకిల్ ఒకటి నాకు అద్దెకు ఇప్పించాడు. హోప్ నుంచి కాసిల్టన్, అక్కడి నుంచి మామ్ టార్ కొండ. ఆ కొండకు వణికే కొండ అని పేరు. మెత్తటి షేలు రాతి పొరల మీద ఇసకరాయి పొరలు కూర్చోవడంతో, వానకు నానినప్పుడల్లా జారుతూ ఉంటుంది. దాని వాలు మీద వేసిన మెయిన్ రోడ్డును ఎన్నో ఏళ్లు బాగు చేసి చేసి, విసిగి 1979లో వదిలేశారు. ఇప్పుడది తిరగేసిన పెంకుల్లా ఉంది. పగిలిన అంచుల్లో తారు పొర మీద తారు పొర, వేసిన ప్రతి మరమ్మతూ లెక్కపెట్టవచ్చు. మధ్యలో తెల్ల గీత కొంత దూరం వచ్చి, గాలిలో ఆగిపోతుంది. అన్ని రాళ్ల మధ్యా సైకిలు ఎత్తుకుని ఎక్కాం.

పైన హోలిన్స్ క్రాస్ దగ్గర నిలబడితే రెండు దేశాలు చూస్తున్నట్టే. దక్షిణాన లేత పచ్చిక, తెల్లటి సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం. ఉత్తరాన కిండర్, నల్లటి గరుకు రాయి, బొగ్గు రంగు తేమ నేల. అందుకే ఒకదాన్ని వైట్ పీక్ అంటారు, ఇంకోదాన్ని డార్క్ పీక్. ఆ నల్ల కొండ మీద 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది పనివాళ్లు, వేట కోసం దొరలు మూసేసుకున్న నేల మీదికి కావాలని నడిచి వెళ్లారు. ముందు నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు, జైలుకు పోయాడు. పోలీసులు స్టేషన్లో కాచుకుని ఉంటారని ఆ పొద్దున అతను మాంచెస్టర్ నుంచి రైల్లో కాక సైకిల్ మీద వచ్చాడట. ఇది చెప్పగానే బావమరిది సైకిలు హ్యాండిల్ మీద ఒక్కటి చరిచాడు. నాలుగు రోజుల్లో నేను చెప్పిన చరిత్రలో వాడు విన్నది అదొక్కటే.

ఎడేల్‌లోకి దిగి, మళ్లీ ఎక్కితే జాగర్స్ క్లఫ్. జాగర్లంటే గుర్రాల మీద ఉప్పూ బట్టలూ మోసుకుని తిరిగినవాళ్లు, మన ఉప్పు లంబాడీల్లాగా. వాళ్లు తొక్కి వేసిన దారే ఇది. పైన హోప్ క్రాస్ అనే రాతి స్తంభం మీద 1737 అనీ, నాలుగు ముఖాల మీద నాలుగు ఊళ్ల పేర్లూ చెక్కి ఉన్నాయి. అది నిలబడ్డ దారి అంతకన్నా పాతది, రోమన్లు వేసింది. ఒక గుర్రం ఎదురైంది. దూరం నుంచే పలకరించమన్నాడు బావమరిది. సైకిలు చప్పుడు లేకుండా వస్తే గుర్రం బెదురుతుంది, మనిషి గొంతు వింటే ఊరుకుంటుంది. ఆగి "హలో" అన్నాను. గుర్రం నావైపు చూడను కూడా చూడలేదు.

అక్కడి నుంచి లోయలోకి దిగే బాటను ఇక్కడి సైకిలు వాళ్లు 'బీస్ట్' అంటారు. బాట కాదు, వాగు ఎండిపోయి రాళ్లు మిగిలినట్టు. మెట్లు మెట్లుగా బండలు, మధ్యలో పుచ్చకాయలంత వదులు రాళ్లు.

"బావా, సీటు మీద కూర్చోకు. వెనక్కి వాలు. ముందు బ్రేకు గట్టిగా పట్టకు. రాయిని చూడకు, దారిని చూడు!"

రాయిని చూడకుండా ఎలా? కళ్ల నిండా అవే. ముప్పై గజాలు బాగానే దిగాను, దిగుతూ మా ఊరి మొనగాణ్ని నేనే అనుకున్నాను కూడా. అంతలో వెనక చక్రం ఒక బండ అంచుకు కొట్టుకుని టప్పుమంది. గాలి ఒక్కసారిగా పోయింది. అద్దెకిచ్చినవాళ్లు సంచీలో పెట్టిన స్పేర్ ట్యూబు తీస్తే అది 26 అంగుళాలది. చక్రం 29. బావమరిది ఒక్క మాట అనకుండా, రబ్బరు బ్యాండు సాగదీసినట్టు దాన్ని సాగదీసి ఎక్కించాడు. "ఇంటిదాకా వస్తుంది, దూకావంటే రాదు" అన్నాడు. దూకే ఆలోచన నాకు మొదట్నుంచీ లేదు. మిగతా వాలు దర్జాగా నడిచి దిగాను. వాడు మాత్రం పైకి తోసుకుంటూ వెళ్లి రెండోసారి దిగాడు.

స్నేక్ రోడ్డు పట్టుకుని, గురువారం చూసిన లేడీబవర్ గట్టు మీదుగా హోప్ చేరేసరికి సాయంత్రం అయిదు. సైకిల్ అప్పగించి, నా పాత సైకిల్ తీసుకుని మా ఆవిడా అమ్మాయితో స్టేషన్‌కు వచ్చాను. రైలు వచ్చింది. తలుపులో అప్పటికే రెండు సైకిళ్లు. గార్డు తల అడ్డంగా ఊపాడు. సంచులు మా ఆవిడకు అందించి దిగిపోయాను. అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది, మా ఆవిడ చెయ్యి కూడా ఊపకుండా నవ్వింది.

తర్వాతి రైలుకు టైముంది. బెంచీ మీద కూర్చుని, ఒక పుల్ల ఏరుకుని గీకడం మొదలుపెట్టాను. సైకిలు నుంచి తెల్లగా రాలింది, గోడ సున్నంలా. బూట్ల నుంచి నల్లగా.